అనంతపురంలో మొదటి రీఫ్ ట్యాంక్: నీళ్ల ఫ్లో ఎట్ల సెట్ చేసుకోవల్ల

సముద్రానికి ఇంత దూరంలో ఉన్నా మన అనంతపురంలో ఉప్పునీటి ట్యాంక్ పెట్టుకోవల్ల, అందులో కోరల్స్ (పగడపు జీవాలు) పెంచల్ల అనే ఆశ ఉన్నోళ్లు ఉన్నారు, వాళ్ల కోసమే ఇది రాస్తున్నా, కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి. కొత్తోళ్లు ముందు అడిగేది ఎప్పుడూ లైట్ గురించే, ఏ లైట్ అన్నా, ఎన్ని వాట్లు అన్నా అని. ఫ్లో గురించి అడిగేవాళ్లు తక్కువ, అడిగినా "ఎన్ని లీటర్ల వేవ్‌మేకర్ తీసుకోవల్ల" అనే దగ్గరే ఆగిపోతారు (వేవ్‌మేకర్ అంటే ట్యాంక్ లోపల నీళ్లు కదిలించే పంపు). డబ్బా మీద రాసిన లీటర్ల కన్నా ఆ నీళ్లు ట్యాంకులో యాడికి చేరుతున్నాయి, యాడికి చేరట్లేదు, కరెంట్ పోయినప్పుడు ఏమైతుంది, ఇవి చూసుకోవడం ముఖ్యం. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

అసలు ఫ్లో దేనికి

చేప అయితే ఈదుకుంటా తిండి దగ్గరికి పోతది, ఊపిరి ఆడకపోతే పైకి వస్తది. కోరల్ ఉన్నచోటే ఉంటది కాబట్టి తిండి, ఆక్సిజన్ అన్నీ నీళ్లే తెచ్చియ్యల్ల, అది వదిలే మలినం కూడా నీళ్లే తీసకపోవల్ల. కోరల్ చర్మానికి ఆనుకుని ఒక పల్చటి నీటి పొర కదలకుండా ఉంటది, ఏది లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా ఆ పొరను దాటల్ల. ఫ్లో బాగుంటే ఆ పొర పల్చబడతది, లేకుంటే మందంగా అయ్యి కోరల్ లోపల్లోపలే ఉక్కిరిబిక్కిరి అవుతది. పగలు లైట్ వెలుగులో కోరల్ లోపలుండే సూక్ష్మ ఆల్గే ఆక్సిజన్ తయారుచేస్తది, అది కూడా ఎక్కువై పేరుకుపోతే కోరల్‌కి ఇబ్బందే, దాన్ని కడిగి తీసేసేది ఫ్లోనే. రాత్రి లైట్ ఆరినాక అంతా తిరగబడి కోరల్, చేపలు, బ్యాక్టీరియా అందరూ ఆక్సిజన్ వాడేవాళ్లే, ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే రాత్రిపూట వేవ్‌మేకర్ ఆపేసి పడుకునే అలవాటు అస్సలు వద్దు.

మన ఊరి ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పల్ల. ఉప్పునీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీలకి పోతే అది 6.2 దగ్గరికి పడిపోతది. అంటే నీళ్లు వేడెక్కినకొద్దీ ఆక్సిజన్ తగ్గుతది, అదే టైంలో జీవాలకి అవసరం పెరుగుతది. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటే ఊర్లో ఉండి నీటి పైభాగం కదలకుండా పెట్టుకుంటే ఎట్ల మరి.

ముందు ఏ కోరల్ పెంచుతారో తేల్చుకోండి

కోరల్‌ని బట్టి ఫ్లో, ఫ్లోని బట్టి పంపు. మొదటి ట్యాంకుకి సాఫ్ట్ కోరల్స్, అంటే రాయి లాంటి గూడు కట్టని మెత్తటివి, చాలు అని నా గట్టి అభిప్రాయం. వీటిల్లో మష్రూమ్ కోరల్స్‌కి తక్కువ ఫ్లో కావల్ల, జోవాంథిడ్స్‌కి మధ్యస్థం, లెదర్ కోరల్, గ్రీన్ స్టార్ పాలిప్స్ ఇంకొంచెం ఎక్కువ తట్టుకుంటాయి. వీటితోనే ట్యాంక్ నిండుగా, కళగా ఉంటది.

ఇంకో సంగతి, ఇది తప్పకుండా తెలుసుకోవల్ల. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద హార్డ్ కోరల్స్ (రాయి లాంటి గూడు కట్టేవి), సీ ఫ్యాన్స్, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్ ఇవన్నీ ఎక్కువ రక్షణ ఉండే షెడ్యూల్ 1 జాబితాలో ఉన్నాయి, 2001లో చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచి తెచ్చిన ముక్క అనో లైవ్ రాక్ (సముద్రంలోంచి జీవాలతో సహా తీసిన రాయి) అనో ఎవరైనా చీప్‌గా ఇస్తామంటే ఆశపడొద్దు, అది నేరమూ అయితది, అక్కడ రీఫ్‌కి నష్టమూ అయితది. ట్యాంక్‌కి తయారుచేసి అమ్మే సిరామిక్ రాళ్లు వాడుకోండి, సాఫ్ట్ కోరల్ కొన్నా బిల్లు అడిగి తీసుకోండి.

ట్యాంక్ లెక్క

ఉదాహరణకి 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంక్ తీసుకుందాం, మొదలుపెట్టడానికి మంచి సైజు. అంచు దాకా నింపితే 191 లీటర్లు. పైన 2 అంగుళాలు వదిలితే 170, రాళ్లు ఇసుక తీసేస్తే నీళ్లు నిజానికి 150 లీటర్ల దగ్గర ఉంటాయి. లెక్కలన్నీ ఈ 150 మీదే వెయ్యల్ల.

సాఫ్ట్ కోరల్స్‌కి గంటకి ట్యాంక్ నీళ్లకి 10 నుంచి 20 రెట్లు కదిలితే చాలు. హార్డ్ కోరల్స్‌లో అక్రోపోరా లాంటివాటికి 40 రెట్లు, ఆ పైన కూడా పెడతారు, మనకి ఇప్పుడు ఆ గొడవ లేదు. 20 రెట్లు అనుకుంటే గంటకి 3000 లీటర్లు. ఇది ఒకే పంపుతో రాబట్టొచ్చు కానీ రాబట్టొద్దు, ఎందుకంటే ఒకే పంపు అంటే ఒకే దిక్కు నుంచి ఒకే ధార, దాని ముందరుండే కోరల్‌కి దెబ్బ, వెనకుండేదానికి ఏమీ రాదు. రెండు తీసుకోండి, ఒక్కోటి గంటకి 4000 లీటర్ల దాకా పోగలిగేవి, స్పీడ్ తగ్గించుకునే కంట్రోలర్ ఉన్న డీసీ మోడల్స్, వాటిని 30 నుంచి 50 శాతంలో నడపండి. సత్తా ఉన్న పంపుని మెల్లగా నడిపితే సౌండ్ తక్కువ, వేడి తక్కువ, రేపు కోరల్స్ పెరిగి ఫ్లోకి అడ్డమైనప్పుడు పెంచుకోవడానికి చోటు ఉంటది. బడ్జెట్ తక్కువుంటే జెబావో లాంటివి ఉన్నాయి, డబ్బులుంటే ట్యూంజీ, ఎకోటెక్ దాకా పోవచ్చు. కొనేముందు మ్యాగ్నెట్ ఎంత మందం గాజు దాకా పట్టుకుంటదో చూడండి, మీది 10 మిల్లీమీటర్ల గాజు అయ్యుండి మ్యాగ్నెట్ 8కే అంటే అర్ధరాత్రి జారి ఇసుకలో పడి ట్యాంకంతా బురద చేస్తది.

రాళ్లు పేర్చేటప్పుడే సగం ఫ్లో తేలిపోతది

చాలామంది రాళ్లను వెనక అద్దానికి ఆనించి గోడ కట్టినట్లు పేరుస్తారు. చూడ్డానికి నిండుగా ఉంటది గానీ దాని వెనక నీళ్లు తిరగవు, చేప రెట్ట, మిగిలిన తిండి అంతా అక్కడే చేరి కుళ్లుతది, చేయి పెట్టి తీద్దామన్నా సందు ఉండదు. వెనక అద్దానికి 4, 5 అంగుళాలు, పక్క అద్దాలకి 4 అంగుళాలు వదిలి రెండు దిబ్బలుగా పేర్చండి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, మధ్యలో నీళ్లు పోయే దోవ ఉండల్ల. రాళ్ల అడుగున కూడా సొరంగాల్లా ఖాళీలు పెట్టండి. రాళ్లు ముందు అడుగు గాజు మీద కూర్చోబెట్టి తర్వాత ఇసుక పొయ్యల్ల, ఇసుక మీద రాయి పెడితే చేపలు తవ్వినప్పుడు కూలుతది.

ఇసుక మరీ సన్నగా, చక్కెర లాంటిది తీసుకుంటే వేవ్‌మేకర్ పెంచినప్పుడల్లా లేచి కోరల్స్ మీద పడతది. 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువు ఉండే అరగొనైట్ (సున్నపు రకం) ఇసుక బాగుంటది.

రిటర్న్ పంపు, కింద సంప్

సంప్ అంటే మెయిన్ ట్యాంక్ కింద పెట్టే ఇంకో చిన్న ట్యాంక్, నీళ్లు శుభ్రమయ్యేది అందులోనే. అది లేకుండా కూడా రీఫ్ ట్యాంక్ నడుస్తది, ఉంటే మేలు. రిటర్న్ పంపు పని సంప్‌లో శుభ్రమైన నీళ్లని పైకి పంపడం, అంతే. కోరల్స్‌కి ఫ్లో ఇచ్చే పని వేవ్‌మేకర్లది. రిటర్న్‌కి గంటకి 5 రెట్లు, అంటే మన లెక్కలో 750 లీటర్లు చాలు. కానీ పంపు మీద రాసేది ఎత్తు ఏమీ లేనప్పటి లెక్క, మీటరున్నర ఎత్తుకి తోయల్ల అంటే బాగా తగ్గిపోతది, మోడల్‌ని బట్టి సగానికి పైన కూడా పోవచ్చు. డబ్బా మీద ఎత్తుకి ఎంత ఫ్లో వస్తదో గ్రాఫ్ ఉంటది, అది చూసి 2000 లీటర్ల డీసీ పంపు తీసుకుని స్పీడ్ సర్దుకోండి. నిజంగా ఎంత వస్తుందో తెలుసుకోవాలంటే ట్యాంక్ అంచు ఎత్తులో రిటర్న్ పైపు చివర 10 లీటర్ల బకెట్‌లోకి వదిలి ఫోన్‌లో టైం చూడండి, 48 సెకన్లలో నిండితే గంటకి 750 లీటర్లు వస్తున్నట్లు.

పైపులు ఊర్లో హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే యూపీవీసీవే సరిపోతాయి, 1 అంగుళం సైజు. 90 డిగ్రీల ఎల్బోలు ఎన్ని తగ్గిస్తే అంత మంచిది, వీలైన చోట రెండు 45 డిగ్రీలవి వాడండి. పంపు దగ్గర ఒక యూనియన్ (మర తిప్పి విప్పే జాయింట్) పెట్టుకుంటే కడగడానికి విప్పుకోవచ్చు. ఇత్తడి, రాగి ఫిటింగ్ ఒక్కటి కూడా ఉప్పునీళ్లకి తగలకూడదు, రొయ్యలు, నత్తలు, కోరల్స్‌కి రాగి విషం. ప్లంబర్ "ఏం కాదు సార్ ఇది గట్టిగా ఉంటది" అని బ్రాస్ వాల్వ్ పెట్టబోతే పెట్టనియ్యొద్దు. ఫ్లో తగ్గించాలంటే వాల్వ్ పంపు బయటికి తోసే పక్క ఉండల్ల, లోపలికి పీల్చుకునే పక్క ఎప్పుడూ మూయొద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, సైఫన్. రిటర్న్ నాజిల్ నీళ్లలో మునిగి ఉంటది, కరెంట్ పోయిందంటే అదే పైపులోంచి ట్యాంక్ నీళ్లు వెనక్కి సంప్‌లోకి దిగుతాయి, నాజిల్ బయటపడే దాకా ఆగవు. మన ట్యాంక్‌లో 1 అంగుళం నీళ్లంటే 10.6 లీటర్లు. నాజిల్ 3 అంగుళాలు మునిగి ఉంటే 32 లీటర్లు కిందికి వస్తాయి. సంప్ 24 అంగుళాలకి 14 అంగుళాలు అనుకుంటే అందులో నీటిమట్టం దాదాపు 6 అంగుళాలు పెరుగుతది, ఓవర్‌ఫ్లో బాక్సులో (ట్యాంక్ పైనుంచి నీళ్లు పొంగి సంప్‌కి దిగే గది) నీళ్లు అదనం. ఆ ఖాళీ సంప్‌లో లేకపోతే హాల్‌లో ఉప్పునీళ్లు పారతాయి. అందుకని నాజిల్‌ని నీటిమట్టానికి అర అంగుళం కింద మాత్రమే పెట్టండి, దానికి కొంచెం పైన, నీటిమట్టానికి ఆనుకుని పైపుకి చిన్న రంధ్రం కూడా పెట్టండి, నీళ్లు అక్కడిదాకా దిగ్గానే గాలి పీల్చి సైఫన్ తెగుతది. ఆ రంధ్రంలో పాచి పట్టి మూసుకుపోతది కాబట్టి నెలకోసారి టూత్‌పిక్‌తో పొడిచి చూడల్ల, దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అన్నీ బిగించినాక పంపు స్విచ్ ఆపి సంప్ ముందర కూర్చుని నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చి ఆగుతాయో చూడండి, అక్కడ మార్కర్‌తో గీత గీయండి, మళ్లీ ఆన్ చేసి పంపు నడుస్తున్నప్పటి మట్టం దగ్గర ఇంకో గీత. ఈ రెండో గీత దాటి సంప్ ఎప్పుడూ నింపొద్దు.

వేవ్‌మేకర్లు యాడ పెట్టల్ల

సముద్రంలో రీఫ్ మీద నీళ్లు ఒకే పక్క నుంచి పైపులోంచి వచ్చినట్లు రావు. అల వస్తది, వెనక్కి పోతది, రాళ్లకి కొట్టుకుని చెదురుతది, ఆటుపోట్లకి సుమారు ఆరు గంటలకోసారి దిక్కే మారతది. మనం ట్యాంకులో చేయాల్సింది ఆ చెదరడం, ఆ మారడం.

ఎడమ పక్క అద్దానికి ఒకటి, నీటి పైభాగానికి 3 అంగుళాల కింద, మూతి కొంచెం పైకి ఎత్తి పెట్టండి. దీని పని నీటి పైభాగాన్ని కదిలించడం, లైట్ వెలుగు ఇసుక మీద నాట్యం చేస్తుంటే చాలు, బుడగలు లాక్కునేంత పైకి తేవద్దు. కుడి పక్క అద్దానికి రెండోది, వెనక మూలకి దగ్గరగా, ట్యాంక్ సగం ఎత్తు కన్నా కొంచెం పైన, మూతి ముందర అద్దం నడిమధ్యకి తిప్పి. ఆ ధార నేరుగా ఏ కోరల్‌నీ తాకకుండా పోయి ముందర అద్దానికి కొట్టుకుని నాలుగు పక్కలకి చెదురుతది, ఎడమ నుంచి వచ్చేదాంతో కలిసి సుడులు తిరుగుతది. రెండూ ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఒకే గీత మీద పెట్టొద్దు. రిటర్న్ నాజిల్ మూడో ధార, దాన్ని ఈ రెండూ అందని మూలకి తిప్పండి.

కంట్రోలర్‌లో మొదటి వారం రెండూ 30 శాతం, రాండమ్ మోడ్. తర్వాత ఎడమది ఎక్కువ, కుడిది తక్కువ ఒక ఆరు గంటలు, తర్వాత అటుదిటు. అలలు అటూ ఇటూ ఊగే వేవ్ మోడ్ చూడ్డానికి భలే ఉంటది నిజమే, కానీ ట్యాంక్ మొత్తం ఒకే తాళంలో ఊగితే సీలెంట్ జాయింట్ల మీద, స్టాండ్ మీద ఒత్తిడి పడతది, లోకల్‌గా చేయించుకున్న ట్యాంక్ అయితే ఆ మోడ్ జోలికి పోకపోవడమే మేలు. ఫీడ్ మోడ్ ఉంటే వాడుకోండి, తిండి వేసేటప్పుడు పది నిమిషాలు నెమ్మదించి అదే మళ్లీ మొదలవుతది. కంట్రోలర్ లేని చవక ఏసీ వేవ్‌మేకర్‌ని టైమర్‌కి తగిలించి మాటిమాటికీ ఆన్ ఆఫ్ చేస్తే దాని ప్రొపెల్లర్ తొందరగా అరుగుతది.

అనిమోన్ (పువ్వులా ఉండే మెత్తటి సముద్ర జీవి) పెట్టే ఆలోచన ఉంటే వేవ్‌మేకర్లకి ఫోమ్ గార్డ్ ముందే తొడగండి. అనిమోన్ నడుస్తది, నడుచుకుంటా పోయి ప్రొపెల్లర్‌లో పడితే అది చావడమే కాకుండా ట్యాంక్ నీళ్లన్నీ పాడవుతాయి.

తిండి వేసి చూడండి

కోరల్స్ పెట్టకముందే ఈ పరీక్ష చెయ్యల్ల. ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించి అమ్మే చిన్న రొయ్యల్లాంటి చేపల తిండి) కొంచెం కరిగించి గ్లాసులో కలిపి ఎడమ వేవ్‌మేకర్ ముందర సిరంజితో మెల్లగా వదలండి. ఇప్పుడు ఒక్క ముక్కనే పట్టుకుని దాని వెంట కళ్లు పోనియ్యండి. అది ముందర అద్దం దాకా దూసుకుపోతది, అక్కడ తటాలున ఆగి కిందికి జారతది, రాళ్ల మధ్య దోవలోకి లాగబడతది, పెద్ద దిబ్బ వెనక్కి పోయి కాసేపు కనపడదు, మళ్లీ కుడి మూల నుంచి పైకి లేస్తది. ఇట్ల తిరిగి తిరిగి ఓవర్‌ఫ్లోలోకి పోయిందంటే బాగుంది. పోయిన ముక్క బయటికి రాకపోతే అక్కడ పడిపోయిందన్నమాట, టార్చ్ వేసి వెతకండి. అట్లాంటివి నాలుగైదు ఒకే చోట కనపడితే అదే నీళ్లు అందని చోటు. చేనుకి నీళ్లు కట్టినోళ్లకి ఇది కొత్త కాదు, కాలువలో ఎంత నీళ్లున్నా గెనెం పక్క మూల మడి ఎండిపోయే ఉంటది, మోటర్ పెంచితే కాదు, మడవ తిప్పితేనే అక్కడికి పారతది. ఇక్కడా అంతే, స్పీడ్ పెంచేముందు మూతి ఒక పది డిగ్రీలు తిప్పి చూడండి, రాయి ఒకటి జరిపి చూడండి.

సాయినగర్‌లో మా ఫ్రెండ్ ట్యాంకులో వెనక ఎడమ మూల ఇసుక మీద ఎర్రగా జిగట పొర, సయానో బ్యాక్టీరియా, ఎన్నిసార్లు పీకేసినా మూడో రోజుకి మళ్లీ వచ్చేది. మందు వేద్దామన్నాడు. మైసిస్ వదిలి చూస్తే ముక్కలన్నీ ఆ మూలకే పోయి పడుతున్నాయి. రిటర్న్ నాజిల్ అటు తిప్పి, చిన్న రాయి ఒకటి ముందుకి జరిపినాక తగ్గుతా వచ్చింది. ఆ పొరకి నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా కారణం అవుతాయి కాబట్టి అన్నిసార్లూ ఫ్లో ఒక్కటే మందు అనుకోవద్దు, కానీ ముందు చూడాల్సింది ఫ్లోనే.

కోరల్ ఏం చెబుతుందో చూడండి

కోరల్ పెట్టినాక రెండు వారాల్లో కొంచెం కొంచెంగా ఫ్లో పెంచండి, ఒకేసారి వద్దు. జోవాంథిడ్స్ తెరుచుకుని వాటి అంచు వెంట్రుకలు అటూ ఇటూ అల్లాడుతుంటే సరిపోయినట్లు. ఎప్పుడూ ఒకే పక్కకి వాలి వణుకుతుంటే ధార నేరుగా తగులుతుంది, తెరుచుకోకుండా మూసుకునే ఉంటే ఎక్కువైనట్లో, మీద చెత్త పేరుకున్నట్లో చూడల్ల. మష్రూమ్‌కి ఫ్లో ఎక్కువైతే ముడుచుకుపోతది, కొన్నిసార్లు రాయి వదిలేసి కొట్టుకుపోయి ఏ మూలనో తేలుతది. లెదర్ కోరల్ అప్పుడప్పుడూ పాలిప్స్ (మీదుండే పువ్వుల్లాంటి చిన్న మూతులు) లోపలికి లాక్కుని మైనం పూసినట్లు మెరుస్తా కొన్ని రోజులు ఉంటది, చచ్చిపోతోందని కంగారు పడొద్దు, పాత పొర వదులుతుంది, అప్పుడు దానికి కొంచెం ఎక్కువ ఫ్లో తగిలేట్లు చేస్తే ఆ పొర తొందరగా ఊడిపోతది.

వారానికోసారి పెద్ద సిరంజితో రాళ్ల సందుల్లో నీళ్లు చిమ్మండి. బూడిద రంగు మబ్బు ఎక్కడ ఎక్కువ లేస్తుందో అక్కడ ఫ్లో తక్కువ.

కరెంట్ పోతే

మన దగ్గర వేసవిలో కరెంట్ కోత అనేది లెక్కలో పెట్టుకునే ట్యాంక్ కట్టల్ల. ఇన్వర్టర్ లైన్ మీద ముందు పైభాగం కదిలించే వేవ్‌మేకర్ ఉండల్ల, తర్వాత రెండోది, ఆ తర్వాతే రిటర్న్. లైట్లు, హీటర్ అక్కర్లేదు. రెండు డీసీ వేవ్‌మేకర్లు కలిపి 30 వాట్లు అనుకుంటే, 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి, సగమే వాడుకుని ఇన్వర్టర్ తినేది కూడా తీసేస్తే ఆ రెండే నడిపితే 20 గంటల దాకా లాగొచ్చు. ఇంట్లో ఫ్యాన్లు కూడా దాని మీదే ఉంటే ఆ టైం కొన్ని గంటలకి పడిపోతది. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే అయ్యుండల్ల, స్క్వేర్ వేవ్ మీద ఏసీ పంపులు గుర్రుమని వేడెక్కుతాయి. ఇన్వర్టర్ లేనోళ్లు కరెంట్ పోగానే దానంతటదే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి కొనిపెట్టుకోండి, ఖర్చు తక్కువ.

అన్నీ పూర్తయినాక ఒక ఆదివారం, ఇంట్లో ఉన్నప్పుడు, మెయిన్ ఆపేసి ఒక గంట చూడండి. సైఫన్ యాడ ఆగింది, ఏ పంపు నడుస్తుంది, ఏది ఆగింది, కరెంట్ వచ్చినాక రిటర్న్ మళ్లీ మొదలైందా లేక గాలి పట్టి ఊరికే తిరుగుతుందా. ఇవన్నీ మీరు ఊర్లో లేనప్పుడు తెలిసేదానికన్నా ముందే తెలియడం మంచిది.

షాక్ విషయంలో రాజీ పడొద్దు. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి, ప్లగ్ బోర్డు సంప్ పైన కాకుండా పక్కకి, ఎత్తులో ఉండల్ల, ప్రతి వైరు ప్లగ్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి పోవల్ల, అప్పుడు వైరు మీద జారే నీటి చుక్క కిందే రాలిపోతది, ప్లగ్‌లోకి పోదు. చేయి నీళ్లలో పెట్టేముందు స్విచ్‌లు ఆపండి.

ఎండాకాలం, నీటిమట్టం

మన గాలి పొడి గాలి కాబట్టి ట్యాంక్ పైన చిన్న ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరై 2, 3 డిగ్రీలు బాగానే తగ్గుతాయి, సముద్రం ఒడ్డు ఊర్లలో ఉక్కకి ఇంత పని చేయదు. కానీ ఆవిరి ఎక్కువైతే నీటిమట్టం పడిపోతది. సంప్ లేని ట్యాంకులో వేవ్‌మేకర్ పైకి తేలి గాలి పీల్చి ట్యాంకంతా సన్న బుడగలు చేస్తది, సంప్ ఉంటే రిటర్న్ పంపు ఖాళీగా తిరిగి కాలిపోతది. ఆటో టాప్‌ఆఫ్ (ఆవిరైనంత నీళ్లు దానంతటదే పోసే పరికరం) పెట్టుకోండి, లేదంటే పొద్దున సాయంత్రం చూసి పొయ్యండి. పోసేది ఆర్‌ఓడీఐ (ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలు కూడా తీసేసిన) మంచినీళ్లే, ఆవిరైపోయేది నీళ్లు మాత్రమే, ఉప్పు అందులోనే ఉంటది. బోరు నీళ్లు ఒక్క చెంబు కూడా వద్దు, మన జిల్లా బోర్లలో గట్టిదనం, ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే కదా.

కడగడం

ఫ్లో తగ్గినట్లు అనిపిస్తే ముందు పంపు విప్పి చూడండి, ప్రొపెల్లర్ మీద సున్నపు పొర, పాచి పట్టుంటది. రెండు మూడు నెలలకోసారి బకెట్‌లో వెనిగర్ సగం నీళ్లు సగం, లేదా కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు వేసిన నీళ్లు పోసి, వేవ్‌మేకర్‌ని అందులో ఒక గంట నడపండి. తర్వాత ప్రొపెల్లర్ బయటికి తీసి షాఫ్ట్, లోపలి గుంత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మంచినీళ్లలో కడిగి పెట్టండి. రెండు వేవ్‌మేకర్లు ఒకేరోజు కడగొద్దు, ఒక వారం అది ఒక వారం ఇది, కడిగినదాని ఫ్లో ఒక్కసారిగా పెరుగుతది కాబట్టి పెట్టేటప్పుడు స్పీడ్ ఒక పది శాతం తగ్గించి పెట్టి తర్వాత పెంచండి. విడి భాగాలు మనకి బెంగళూరు నుంచో ఆన్‌లైన్‌లోనో రావల్ల, రెండు మూడు రోజులు పడతది, కాబట్టి ఇంపెల్లర్, షాఫ్ట్, రబ్బర్ బుష్ ఒక్కో సెట్టు పంపు కొన్నప్పుడే తెప్పించుకుని స్టాండ్ డ్రాయర్‌లో పెట్టుకోండి.